ఇరవై సూదులు

మా ఇంట్లో ప్రస్తుతం సగంలో ఉన్న కుట్టుపనులు ఐదు. ఈ సంఖ్య పైకి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఒకే మనిషి నాలుగు పుస్తకాలు ఒకేసారి చదువుతుంటే లోకం ముచ్చటపడుతుంది. రెండు పొయ్యిల మీద కూరా చారూ ఒకేసారి ఉడికిస్తే నేర్పరి అంటుంది. కుట్టుపని దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "ముందు మొదలుపెట్టినదేదో పూర్తి చెయ్యకూడదూ?" అని అడుగుతుంది. అడిగేవాళ్ళలో మా వారు ప్రథములు. ఆయన చొక్కా గుండీ ఒకటి మూడు వారాలుగా నా పెట్టెలో పడి ఉన్న మాట నిజం కనక, అడిగే హక్కు ఆయనకు ఉందనే ఒప్పుకుంటున్నాను.

నా వాదన నాకూ ఉంది. చేతిపని ఏదైనా దానికి తగిన చోటు, వెలుతురు, తీరిక అడుగుతుంది. ఒళ్ళో ఇమిడేది ఒకటి, నేలంతా పరిస్తే గాని లొంగనిది ఒకటి. పక్కన ఎవరైనా మాట్లాడుతున్నా సాగేది ఒకటి, పలకరిస్తే లెక్క తప్పేది ఒకటి. రోజులో నాకు దొరికే ఖాళీలు ఒకే కొలతవి కావు. వాటిలో పట్టే పనులు కూడా ఒకే కొలతవి కానక్కర్లేదు. చాలా ఏళ్ళుగా నేను నమ్ముతూ వచ్చిన సిద్ధాంతం ఇది. అందులో ఒక లోపం ఉందని ఈ మధ్యనే తెలిసింది. అది చెప్పడానికే ఇదంతా.

ముందు ఆ ఐదింటి సంగతి చెప్పాలి.

మొదటిది నేను తేనెపట్టు అని పిలుచుకునే దుప్పటి. 2016లో మా అమ్మాయి పురుడుకి అమెరికా వెళ్ళినప్పుడు, వాళ్ళ ఊరి గ్రంథాలయంలో వారానికోసారి కూర్చుని కుట్టుకునే ముసలమ్మల దగ్గర నేర్చుకున్నాను. ఆరు భుజాల కాగితపు ముక్క ఒకటి కత్తిరించుకోవాలి. దాని చుట్టూ గుడ్డపీలికను మడిచి టాకాలు వెయ్యాలి. అలాంటివి రెండు ఎదురెదురుగా పెట్టి అంచూ అంచూ కలిపి సన్నగా చుట్టుకుట్టు వెయ్యాలి. ఒక ముక్కకు ఆరు పక్కలా ఆరు ముక్కలు కుదిరాక, మధ్యలో కాగితం తన పని తీరింది కనక బయటికి వచ్చేస్తుంది. దాన్ని మళ్ళీ ఇంకో ముక్కకి వాడుకోవచ్చు. మామూలు కాగితం తొందరగా నలిగిపోతుంది. మన శుభలేఖల అట్ట ఇందుకు దివ్యంగా పనికివస్తుంది. గూట్లో పడి ఉన్న పాత శుభలేఖలన్నీ ఇప్పుడు నా దుప్పటిలో ఉన్నాయి. ఒక ముక్క తీస్తే "చి.ల.సౌ.", ఇంకోటి తీస్తే "సుముహూర్తం", మరోటి తీస్తే సగం తెగిన వినాయకుడు. ఒక్కో భుజం అంగుళం ఉన్న ముక్కలతో 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు దుప్పటి కావాలంటే దాదాపు 2,080 ముక్కలు పడతాయి. ఈ లెక్క మొదలుపెట్టే ముందు వేసుకుని ఉంటే మొదలుపెట్టేదాన్ని కాదు. ఇప్పటికి 850 అయ్యాయి.

రెండోది మనవరాలి బొంత. అదే ప్రయాణంలో, పొత్తిళ్ళలో ఉన్న పిల్లకి వెయ్యాలని మొదలుపెట్టాను. మూడడుగుల చదరం. అది పూర్తయ్యేలోగా పిల్ల బోర్లాపడింది, పాకింది, బడికి వెళ్ళింది. పిల్ల ఎదిగినప్పుడల్లా బొంత చుట్టూ మరో అంచు కలుపుతూ వస్తున్నాను. ప్రస్తుతం నాలుగో అంచు నడుస్తోంది. క్రిందటిసారి వాళ్ళు వచ్చినప్పుడు ఆ పిల్ల దాని మీద పడుకుని కాళ్ళు చాపి చూపించి, "అమ్మమ్మా, నువ్వు కుట్టడం కంటే నేను పెరగడమే ఫాస్ట్" అంది.

మూడోది మా చెల్లెలి కూతురికి ఇస్తానన్న ఓణీ. తెల్లటి మంగళగిరి నూలు మీద బెంగాలీల కాంతా కుట్టు. పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టాలి కాబట్టి దానికి పొద్దుటి వెలుతురు తప్ప మరేదీ పనికిరాదు. నాలుగోది పేరులేనిది. ఫాల్సు, హుక్కులు, జేబుల చిరుగులు, పైన చెప్పిన గుండీ వగైరా. సాయంత్రం వార్తలు చూస్తూ కుట్టేవి. ఇది ఎప్పటికీ పూర్తయ్యే పని కాదు కాబట్టి అసంపూర్తి పనుల లెక్కలో కలపడం అన్యాయమే.

ఐదోది అమ్మ బొంత. అది మొన్నమొన్నటిదాకా మా ఇంట్లో లేదు. సత్తెనపల్లిలో, అన్నయ్యా వాళ్ళింట్లో, అమ్మ మంచం పక్కన ఉండేది. దాన్ని నా పనుల్లో ఒకటిగా నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

నెలకోసారి హైదరాబాదు నుంచి అమ్మను చూడటానికి వెళ్ళి వస్తుంటాను. సికిందరాబాదులో పగటి బండి ఎక్కితే నల్గొండ, మిర్యాలగూడ, నడికుడి, పిడుగురాళ్ళ మీదుగా నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. ఆ నాలుగు గంటలూ తేనెపట్టువి. ఒక పాత బిస్కెట్ల డబ్బాలో యాభై కాగితాలు, కత్తిరించి పెట్టుకున్న గుడ్డముక్కలు, రెండు సూదులు, ఒక దారపుండ, చిన్న తేనెమైనం ముక్క. దారాన్ని ఒకసారి మైనం మీద లాగితే చిక్కుపడదు. బండి ఊగుతుంటే సన్నకుట్టు సాగదు. అందుకని అర అంగుళం అటూఇటూ అయినా పరవాలేని టాకాల పని బండిలోనూ, అంచులు కలిపే పని స్టేషన్లలో ఆగినప్పుడూ చేసుకుంటాను. విష్ణుపురం దాటాక కృష్ణ మీది వంతెన వస్తుంది. అక్కడ మాత్రం సూది గుచ్చిపెట్టి కిటికీలోంచి చూస్తాను. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల తెల్లదుమ్ము లోపలికి వస్తుంది కాబట్టి డబ్బా మూత పెట్టెయ్యాలి. ఇన్నేళ్ళుగా వెళ్తుంటే దారి పొడవునా ఎక్కడ ఏ పని అన్నది చేతికే తెలిసిపోయింది.

రైల్లో కుట్టుకుంటూ కూర్చున్న ఆడమనిషిని ఎవరూ ఒంటరిగా వదలరు. పుస్తకం పట్టుకుంటే పలకరించడానికి సందేహిస్తారు గాని సూది పట్టుకుంటే సందేహించరు. ఒకసారి మిర్యాలగూడలో ఎక్కిన ఒకావిడ చాలాసేపు నా చేతులవంకే చూసింది. చివరికి ఉండబట్టలేక, "ఇట్ల దూరం దూరం కుడితే ఊడిపోతది గదమ్మా" అని, చెయ్యి చాచి సూది అడిగింది. పిడుగురాళ్ళలో దిగేలోగా ఏడు ముక్కలు కలిపి ఒక పువ్వు చేసి నా ఒళ్ళో పెట్టింది. పేరు అడగలేదు, చెప్పలేదు. ఆ పువ్వు చుట్టూ నేను కుట్టిన అతుకులు రెండుసార్లు వదులయ్యాయి. ఆవిడవి ఇంకా బిగువుగానే ఉన్నాయి.

విమానాల్లో ఈ పని కుదరదనుకుంటారు చాలామంది. అమెరికా విమానాశ్రయాల తనిఖీ నియమాల ప్రకారం కుట్టుసూదులు చేతిసంచిలో తీసుకువెళ్ళవచ్చు. కత్తెర అయితే ఇరుసు నుంచి మొనదాకా 4 అంగుళాల లోపు ఉండాలి. అయినా తుది నిర్ణయం అక్కడ నిలబడ్డ ఉద్యోగిది. ఒక విమానాశ్రయంలో నా చిన్న కత్తెర పోయాక, గోళ్ళు తీసుకునే కట్టరుతో దారం తెంపుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇరవై గంటల ప్రయాణంలో పక్కవాళ్ళు ఎన్ని సినిమాలు చూశారో తెలియదు గాని, నాకు నలభై ముక్కలయ్యాయి.

ప్రతి పనికీ దాని చోటు అన్న నియమాన్ని నేను ఒక్కసారే తప్పాను. ఓణీ ఇవ్వాల్సిన పెళ్ళి దగ్గరపడుతోందని దాన్ని రైలెక్కించాను. అసలే వేసవి. అరచేతుల చెమట. దానికి తోడు మంచినీళ్ళ సీసా మూత సరిగ్గా పెట్టలేదు. ఎర్రదారం రంగు దిగి తెల్లటి నూలు మీద జానెడు మేర గులాబీ మరక. దారాన్ని ముందుగా నీళ్ళలో నానబెట్టి రంగు దిగుతుందో లేదో చూసుకోవాలన్నది చిన్నపిల్లలకు కూడా తెలిసిన పాఠం. తెలిసినవన్నీ చేస్తామా! ఆ మరక మీద ఇప్పుడు ఎర్ర తామరపువ్వు కుడుతున్నాను. పెళ్ళి అయిపోయింది. ఆ అమ్మాయి సీమంతానికైనా అందుతుందేమో చూడాలి.

ఇక బొంత గురించి. మనకి "గంతకు తగ్గ బొంత" అని సామెత ఉంది. గంత అంటే పూర్వం పశువుల వీపున బరువు వేసే సంచి. కింద వీపు ఒరుసుకుపోకుండా వేసేది బొంత. ఆలుమగల్ని వెక్కిరించడానికి మిగిలింది గాని, అసలు అర్థంలో బొంత చేసే మేలే కనిపిస్తుంది. అలాగే పత్రికలవాళ్ళు సంకీర్ణ ప్రభుత్వాలను "అతుకుల బొంత" అని ఈసడిస్తారు. కుట్టేవాళ్ళకు ఆ మాట రుచించదు. మడిచి కుట్టిన అతుకు దగ్గర గుడ్డ రెండింతలై ఉంటుంది. బొంత చిరిగితే ముక్క మధ్యలో చిరుగుతుంది, అతుకు దగ్గర కాదు.

లోకంలో ఎక్కడ చూసినా ఈ పని మిగిలిపోయిన గుడ్డతో, మిగిలిపోయిన పొద్దుతో చేసిందే. బెంగాలు ఆడవాళ్ళు కాంతా కుట్టడానికి దారం కూడా కొనేవారు కాదు, పాతచీరల అంచుల్లోంచి రంగుపోగులు లాగి వాడుకునేవారు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు బొంత నాలుగు మూలలా మడతపెట్టిన గుడ్డపువ్వులు కుడితే గాని పని పూర్తయిందనుకోరు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీల బొంతలను 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాలు గోడలకు వేలాడదీసి ప్రదర్శించాయి. వాటిలో మిజూరీ పెట్వే అనే ఆవిడ 1942లో, భర్త పోయాక, ఆయన పొలంలో వేసుకున్న బట్టలతో కుట్టిన బొంత ఉంది. మోకాళ్ళ దగ్గర వెలిసిన గుడ్డలు, చెమటకు రంగుమారిన గుడ్డలు. దాని బొమ్మ గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చూసినప్పుడు నాకు వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ నెత్తిన బుట్టతో వీధిలోకి వచ్చేది. పేటలోని బీరువాలన్నీ ఖాళీ అయ్యేవి. బొంతలు మన ఇళ్ళల్లోంచి పోవడానికి ఆ బుట్ట ఒక కారణమైతే, నైలాన్ చీరలు ఇంకో కారణం. నైలాన్ సూదికి జారిపోతుంది, ఒంటికి గాలి ఆడనివ్వదు, ఎన్ని పొరలు వేసినా మెత్తనవదు. అమ్మ జరీవీ, నైలాన్‌వీ బుట్టలో వేసి గిన్నెలు తీసుకునేది. నూలుచీర మాత్రం ఒక్కటి కూడా ఇచ్చేది కాదు. ఏళ్ళ తరబడి ఉతికి, గంజి వదిలి, పోగు పలచబడిన నూలు. "ఇప్పుడే కదే ఇది చీరగా పనికిరాకుండా పోయింది, బొంతగా పనికిరావడం ఇప్పుడే మొదలైంది" అనేది.

అమ్మ పద్ధతి ఇది. అయిదున్నర మీటర్ల చీరని అడ్డంగా మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆరు పొరలు. నాలుగు మూలలా నాలుగు రుబ్బురాళ్ళో ఇత్తడి చెంబులో పెట్టి, మధ్యలోంచి అంచులవైపు ముడతలు తోసుకుంటూ టాకాలు వెయ్యాలి. తర్వాత బయటి అంచు దగ్గర మొదలుపెట్టి చుట్లు చుట్లుగా లోపలికి కుట్టుకుంటూ రావాలి. చుట్టుకీ చుట్టుకీ మధ్య బొటనవేలి వెడల్పు. మొత్తం ఇరవై ఎనిమిది చుట్లు. నేను ఒకసారి లెక్కవేశాను. ఒక బొంతలో వంద మీటర్లు దాటిన కుట్టు ఉంటుంది. అంగుళానికి మూడు చొప్పున వేసుకున్నా పన్నెండు వేల పైచిలుకు పోట్లు. ఈ లెక్క చెబితే అమ్మ నవ్వి, "లెక్కపెట్టేదానివి కుట్టలేవే" అంది.

2018లో అమ్మకు నీటికాసులు ఉన్నాయని తేలింది. కంటిలోపలి ఒత్తిడి చూపునరాన్ని మెల్లగా తినేసే జబ్బు. చాలామందికి నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది కాబట్టి తగ్గుతున్నట్టే తెలియదు. అమ్మ పక్కనున్న చెంబుని చేత్తో తన్నేసినప్పుడల్లా మేము వయసు అనుకున్నాం. పోయిన చూపు తిరిగిరాదు. రోజూ చుక్కలు వేసుకుని మిగిలినదాన్ని కాపాడుకోవడమే. నలభై దాటినవాళ్ళు ఊరికే అయినా ఒకసారి కంటి ఒత్తిడి చూపించుకోండి. ఇళ్ళల్లో ఎవరికైనా ఉంటే మరీను.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు అమ్మ అడిగింది ఒక్కటే. "సూదిలో దారం ఎట్లా ఎక్కించుకోవాలి?"

కుట్టడం గురించి ఆమెకు దిగులు లేదు. కుట్టడానికి కళ్ళు అక్కర్లేదంది. ముందు చుట్టు ఎక్కడుందో ఎడమచేతి బొటనవేలికి తగులుతుంది. వేలిని ఆ వరసకు ఆనించి, వేలి ఇవతలి పక్కనుంచి సూది పోనిస్తే చాలు. చుట్టుకీ చుట్టుకీ మధ్య బొటనవేలి వెడల్పు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. అడ్డం పడిందల్లా సూది బెజ్జం ఒక్కటే. బెజ్జం పైన చీలిక ఉండి, దారం పైనుంచి నొక్కితే దిగే సూదులు తెచ్చి ఇచ్చాను. ఆరు పొరల్లోంచి లాగేసరికి దారం పీచులేచి తెగింది. సన్నతీగెతో ఉండే దారం ఎక్కించే బిళ్ళలు ఇచ్చాను. తీగె ఊడిపోయింది. చివరికి తేలింది ఏమంటే, నేను వెళ్ళినప్పుడు ఇరవై సూదులకు దారం ఎక్కించి పెట్టి రావాలి.

దానికో ఏర్పాటు చేసుకున్నాం. దూది కూరి కుట్టిన దిండ్లు రెండు. గుండ్రటిది దారం ఉన్న సూదులకు, చదరపుది ఖాళీ అయినవాటికి. అమ్మకు రంగులతో పనిలేదు కాబట్టి ఆకారాలు. దారం మూరెడే ఉండాలి. బారెడు ఎక్కిస్తే తక్కువ సూదులతో ఎక్కువ పని అవుతుంది కదా అన్నాను. "చిక్కు పడితే చూసేదెవరు? సూది మార్చుకోవడం నయం" అంది. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు కాబట్టి వదిన ఒక షరతు పెట్టింది. ఇరవై ఇస్తే ఇరవై లెక్క రావాలి. రోజూ రాత్రి పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని ఒక కర్రకి కట్టి అమ్మ మంచం చుట్టూ తిప్పేది.

అలా నెలకి ఇరవై సూదులు. అంటే సుమారు ఎనిమిది మీటర్ల కుట్టు. మొదట్లో నేను వెళ్ళేసరికి ఇరవై సూదులూ చదరపు దిండులో ఉండేవి. "ఇంకో పది ఎక్కువ పెట్టి పోవచ్చుగా" అని సాధించేది. 2020 మార్చిలో రైళ్ళు ఆగిపోయినప్పుడు ఆమెకు వచ్చిన మొదటి కష్టం సూదులు అయిపోవడమే. ఫోనులో అదే ఫిర్యాదు. అన్నయ్య కొడుకు చేత దారం ఎక్కించడం నేర్పించింది. బడి లేదు కనక వాడు రోజుకి అయిదు సూదుల చొప్పున ఎక్కించాడు. ఆ ఏడాది పని జోరుగా సాగింది. 2021లో ఒక బొంత పూర్తయింది, 2023లో రెండోది. మూడోది వెంటనే మొదలుపెట్టింది. నాన్న పోయాక కట్టడం మానేసిన రెండు వెంకటగిరి చీరలు తీసి పరిపించుకుంది.

నేను ఇన్నేళ్ళూ ఆ ఇరవై సూదుల్ని నా కుట్టుపనిగా అనుకోలేదు. వెళ్ళిన రోజు రాత్రి భోజనాలయ్యాక ఒక పావుగంట. అమ్మ పక్కన కూర్చుని ఎక్కించి, గుచ్చి, లెక్కచెప్పి, మళ్ళీ నా తేనెపట్టు డబ్బా తీసుకునేదాన్ని.

మూడో బొంత మొదలైన కొన్నాళ్ళకి, ఒకసారి వెళ్ళేసరికి గుండ్రటి దిండులో ఆరు సూదులు మిగిలి ఉన్నాయి. పండగ పనుల్లో తీరిక దొరకలేదేమో అనుకున్నాను. తర్వాత తొమ్మిది. ఆ తర్వాత పదమూడు. వదిన భద్రత కోసం పెట్టిన లెక్క ఇంకోదానికి లెక్క అవుతోందని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా ప్రతినెలా ఖాళీ అయిన సూదులకి దారం ఎక్కించి మళ్ళీ ఇరవై చేసేదాన్ని. అమ్మ కూడా ఏమీ అనేది కాదు. ఇద్దరం ఇరవై అన్న మాట మీదే నిలబడ్డాం. ఆ నెలల్లో నేను రైల్లో ఎన్నడూ లేనంత వేగంగా కుట్టాను. ఒక్క ప్రయాణంలో ముప్ఫై ముక్కలు. తిరిగొచ్చాక ఓణీ, దాని తర్వాత మనవరాలి బొంత నాలుగో అంచు. చేతులు ఖాళీగా ఉంటే ఆ దిండు కళ్ళ ముందుకొచ్చేది.

పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు ఇరవైకి ఇరవై అలాగే ఉన్నాయి. లాగితే రాలేదు. ఉక్కకి తుప్పుపట్టి దిండుకి అంటుకుపోయాయి. గుడ్డ మీద ఇరవై గోధుమరంగు చుక్కలు.

"ఇక ఎక్కించకే" అంది అమ్మ. "సూదులు పాడవుతున్నయ్ ఊరికే."

"కళ్ళ వల్లనా అమ్మా?"

"కళ్ళు ఎప్పుడో పోయినయ్ గదా. కూర్చోవడానికి ఓపిక లేదు. నువ్వు తీసుకుపో."

నా దగ్గర ఇప్పటికే నాలుగు ఉన్నాయనీ, ఇది ఒళ్ళో పట్టేది కాదనీ, నేలమీద పరుచుకుని కుట్టాల్సింది కనక రైల్లో కుదరదనీ ఏదో చెప్పబోయాను. నా సిద్ధాంతమంతా నోటిదాకా వచ్చింది. అమ్మ నా వైపు తిరిగి కూర్చుంది. నేనెక్కడున్నానో గొంతుని బట్టి చూస్తుంది ఇప్పుడు. "నీకు ఎన్ని ఉంటే ఏమే. నాకు ఒకటే" అంది.

లోపం అక్కడుంది. ఖాళీలు చిన్నవీ పెద్దవీ ఉంటాయనీ, వాటికి తగినట్టు పనులు పేర్చుకోవాలనీ అనుకున్నాను. ఖాళీలు ఎప్పటికీ వస్తూనే ఉంటాయన్నది అందులో నేను అడగకుండా ఒప్పేసుకున్న మాట. ఓణీ పెళ్ళికి కాకపోతే సీమంతానికి. పిల్ల పెరిగితే ఇంకో అంచు. రెండువేల ముక్కలు ఎప్పటికో ఒకప్పటికి. ఐదు పనులున్న మనిషికి దేన్నీ ముగించాల్సిన అవసరం రాదు. అమ్మ ఆ వేసవిదాకా ఒక్కదాన్నే కుడుతూ వచ్చింది, అది ఎంతవరకు వచ్చిందో రోజూ వేలితో తడిమి చూసుకుంటూ.

బొంతను మూటకట్టి తెచ్చుకున్నాను. బండిలో పైన పెట్టడానికి మనసొప్పలేదు, ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ నాలుగు గంటలూ డబ్బా తియ్యలేదు. ఇంటికి వచ్చాక భోజనాల బల్ల పక్కకి జరిపి హాల్లో పరిచాను. ఇరవై ఎనిమిది చుట్లలో పదిహేడు అయ్యాయి, పదకొండు మిగిలాయి. లోపలి చుట్లు చిన్నవి కనక మిగిలిన పని నాలుగో వంతు కంటే తక్కువే. పదిహేడో చుట్టు పూర్తి కాలేదు. ఒక మూల తిరగబోయే చోట ఆగిపోయింది. చివరి జానెడులో కుట్టు కొంచెం వంకర. ముందు చుట్టు నుంచి పక్కకి జరిగి, మళ్ళీ దారి వెతుక్కుని వచ్చింది. దాన్ని విప్పి సరిచెయ్యాలని చెయ్యి వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను.

మిగిలిన నాలుగూ మూటకట్టి బీరువాలో పెట్టేశాను. గుండీ మాత్రం ఆ రోజే కుట్టి ఇచ్చాను. ఇంట్లో ఒక మనిషైనా సంతోషించాలి కదా.

ఇప్పుడు పొద్దున్న వెలుతురులోనూ బొంతే, సాయంత్రం వార్తల దగ్గరా బొంతే. ప్రతినెలా దాన్ని మూటకట్టుకుని సత్తెనపల్లి వెళ్తున్నాను. ప్రయాణానికి బొత్తిగా పనికిరాదనుకున్న పని, అన్నిటికంటే ఎక్కువ ప్రయాణం చేస్తోంది. రైల్లో దాన్ని విప్పను. అక్కడికి వెళ్ళాక అమ్మ ఒళ్ళో పరుస్తాను. తను ఆపిన చోటు దగ్గర బొటనవేలు ఆనించి, అక్కణ్ణించి నా కుట్టు మీదుగా మెల్లగా పోనిస్తుంది. కొంతదూరం ఏమీ అనదు. ఉన్నట్టుండి ఆగుతుంది.

"ఇక్కడ ఎవరో వచ్చారా?"

ఆలోచిస్తే నిజమే. ఆ చుట్టు కుడుతున్నప్పుడు పక్కింటివాళ్ళు వచ్చారు. మాట్లాడుతూ కుట్టాను. పోట్లు పొడుగయ్యాయి.

"ఇక్కడ తొందరపడ్డావు." "ఇక్కడ బాగుంది." "ఇక్కడ నిద్రొచ్చింది నీకు." నెల రోజుల నా సంగతులన్నీ ఒక్క చుట్టులో చదివేస్తుంది. ఫోనులో ఎప్పుడూ చెప్పని సంగతులు కూడా.

వచ్చేముందు రాత్రి ఇప్పటికీ దారం ఎక్కిస్తాను. ఒక్క సూదికే. దాన్ని అమ్మ చేతికిస్తాను. ఓపిక ఉంటే నాలుగు పోట్లు వేస్తుంది. లేకపోతే తిరిగి ఇచ్చేస్తుంది. పోయిన నెల ఆరు వేసింది.

ఇంకా నాలుగు చుట్లు మిగిలాయి. గట్టిగా కూర్చుంటే నెలలో అయిపోతాయి. తొందరగా పూర్తి చేసి కప్పాలని ఉంటుంది, పూర్తవుతుందేమోనని భయంగానూ ఉంటుంది. ఈ రెండో మాట అమ్మతో అనలేదు. అనక్కర్లేదు కూడా. మొన్న పాతిక పోట్ల మేర బొటనవేలితో తడిమి చూసి, "మరీ దగ్గరదగ్గరగా కుడుతున్నావే" అంది.